బడిలో ప్యానెల్ వచ్చింది, మరి ఉప్పు కొలిచేదెవరు?

గుడివాడ చుట్టుపక్కల ఏ ఊరికెళ్ళినా, దివిసీమలో ఏ లంకకెళ్ళినా రొయ్యల రైతు నోట నాలుగు మాటలు వినపడతాయి. పీహెచ్, డీవో, సెలినిటీ, అమ్మోనియా. ఆ రైతు పదో తరగతి తప్పినోడయ్యుండొచ్చు, అసలు బడి మెట్టే ఎక్కకపోయుండొచ్చు. అయినా తెల్లారగట్ట డీవో పడిపోతే పంట మొత్తం పోద్దని ఆయనకి తెలుసు. అదే రైతు కూతురు ఏడో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాలు చదువుద్ది. పరీక్షలో నిర్వచనం రాస్తది, మార్కులు కూడా తెచ్చుకుంటది. గాని నాన్న చెరువు దగ్గర చెప్పే పీహెచ్, పుస్తకంలో ఉన్న పీహెచ్ రెండూ ఒకటేనని ఆ పిల్లకి ఎవరూ చెప్పరు.

సైన్సు చదువులో అసలు లోటు ఇదే. టెక్నాలజీ ఈ లోటు పూడ్చాలి. పూడుస్తోందా?

మన బడులకి మిషన్లు రాలేదని ఎవరూ అనలేరు. 2019లో మొదలైన నాడు-నేడు కింద భవనాలు మారాయి. తర్వాత ఆరో తరగతి నుంచి పై క్లాసుల్లో ఐఎఫ్‌పీ అనే పెద్ద టచ్ ప్యానెళ్ళు బిగించారు. చిన్న బడులకి స్మార్ట్ టీవీలిచ్చారు. 2022 జూన్‌లో ప్రభుత్వం బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకి పైగా ట్యాబులు పంచారు. మరుసటేడు డిసెంబరులో మళ్ళీ పంచారు. 2024 జూలై వచ్చేసరికి ఆ కంపెనీయే దివాలా కేసులో ఇరుక్కుంది. ఇక్కడ ప్రభుత్వం కూడా మారింది.

ఏ పార్టీ ఇచ్చింది, ఏ పార్టీ ఆపింది అనే గొడవ ఇక్కడొద్దు. ట్యాబు పిల్లల సొంతమైంది, గాని అందులో పాఠం ఎవరి సొంతం? ఆ పాఠం మన టీచర్లు రాసిందైతే కంపెనీ ఉన్నా పోయినా మన దగ్గరే ఉంటది, తప్పుంటే దిద్దుకుంటాం, కొత్తది కలుపుకుంటాం. అద్దెకి తెచ్చుకున్న పాఠానికి ఆ ధీమా లేదు.

ఈ దెబ్బ మనమొక్కళ్ళమే తిన్లేదు. పెరూ దేశంలో పేద పల్లె బడుల పిల్లలకి లక్షల్లో లాప్‌టాప్‌లు పంచారు. 319 బడుల్లో కూర్చుని లెక్కగట్టి చూస్తే, పిల్లలకి కంప్యూటరు వాడకం వచ్చింది గాని లెక్కల్లో, భాషలో చదువు పెరగలేదు. అదే ఢిల్లీలో హైస్కూలు వయసు పిల్లలకి మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేరుతో చేసిన ప్రయత్నం నాలుగున్నర నెలల్లోనే ఫలితమిచ్చింది. తేడా ఎక్కడుంది? ఢిల్లీలో సాఫ్ట్‌వేరు పిల్లవాడి స్థాయి చూసి అక్కణ్ణించే మొదలెట్టింది. సగం సేపు కంప్యూటరు, సగం సేపు చిన్న గుంపుతో కూర్చుని మనిషి చెప్పే పాఠం. అంటే డబ్బా ఒక్కటే చదువు చెప్పదు. డబ్బా పక్కన మనిషుండాలి.

ఇక సైన్సు సంగతికొద్దాం. 1868 ఆగస్టు 18న మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ వచ్చి గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు నక్షత్రశాల పెద్ద పోగ్సన్ మన బందరొచ్చాడు. ఇద్దరి దగ్గరా వర్ణపటదర్శిని ఉంది. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని రంగులుగా విడదీసే పరికరమది. ఆ రంగుల్లో ఒక పసుపు గీత కనపడింది. అప్పటికి భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదని తర్వాత తేలింది. దానికే హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద అది దొరికింది 1895లో. బందరు పిల్లల్లో ఈ కథ తెలిసినోళ్ళెంతమంది? పోగ్సన్ పరికరం ఆయనకి పాఠం చెప్పలేదు. కంటికి ఆనని దాన్ని చూపించింది. చూసి ఆలోచించింది మనిషే.

బడిలో టెక్నాలజీ చేసే పనులు మూడు. ఒకటి, చూపించడం. గుండె ఎట్టా కొట్టుకుంటదో, కణం ఎట్టా విడిపోద్దో ప్యానెల్ మీద బొమ్మ వేసి చూపిస్తే నల్లబల్ల కన్నా మేలే. రెండు, మార్చి చూడనియ్యడం. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీవాళ్ళు 2002లో మొదలెట్టిన ఫెట్ అనే సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి. అందులో పిల్లలే బ్యాటరీ పెంచి, బల్బు మార్చి, ఏమవుద్దో చూసుకోవచ్చు. మూడు, కొలవడం. మన బడుల్లో మొదటిది ఉంది. రెండోది అక్కడక్కడా ఉంది. మూడోది దాదాపు లేదు. సైన్సుకి ప్రాణం మూడోదే.

కొలవడానికి లక్షలక్కర్లేదు. ఒక బ్యాటరీ, ఒక చిన్న ఎల్‌ఈడీ, రెండు మేకులు, కాస్త వైరు చాలు. మేకులు నీళ్ళల్లో ముంచితే ఉప్పునీళ్ళల్లో లైటు బాగా వెలుగుద్ది, టిన్ను నీళ్ళల్లో మినుకు మినుకుమంటది, లేదా అసలు వెలగదు. ఎందుకంటే నీళ్ళల్లో కరిగిన లవణాలే కరెంటుని మోస్తాయి. మార్కెట్లో కొన్ని వందల రూపాయలకి దొరికే టీడీఎస్ మీటరు లోపల జరిగేదీ ఇదే. అది ఉప్పుని నేరుగా చూడదు. కరెంటు ఎంత పారిందో చూసి, దాన్నుంచి ఉప్పుని అంచనా కట్టుద్ది. ఈ సంగతి తెలిస్తే మీటరు మాయపెట్టె కాదు, పాఠమవుద్ది.

ఆ మీటరు పెట్టి కాలవ నీళ్ళు, బోరు నీళ్ళు, పంచాయతీ కొళాయి, ఆర్వో టిన్ను, ఉప్పుటేరు నీళ్ళు కొలవమనండి. తాగే నీళ్ళల్లో కరిగిన పదార్థాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణం. మన బోరు ఎక్కడుందో పిల్లలే గోడ మీద రాస్తారు. సముద్రపు నీళ్ళల్లో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటది. జేబు మీటరు అంత కొలవలేదు. అప్పుడు ఒక గ్లాసు నీళ్ళకి తొమ్మిది గ్లాసుల మంచినీళ్ళు కలిపి కొలిచి, పదితో హెచ్చవేసి చూడాలి. లెక్కల మాస్టారికీ అక్కడే పాఠం దొరికింది. టీడీఎస్ తక్కువుంటే నీళ్ళు మంచివని కాదు, ఈ మీటరు క్రిముల్ని పట్టలేదని కూడా అప్పుడే చెప్పాలి. పరికరం ఏం చెప్పలేదో తెలుసుకోవడం కూడా సైన్సే.

రొయ్యల చెరువు ఇంకా పెద్ద పాఠం. పగలు నీళ్ళల్లో నాచు, సూక్ష్మ మొక్కలు ఎండ తీసుకుని కార్బన్ డై ఆక్సైడ్ వాడుకుని ఆక్సిజన్ వదులుతాయి. అందుకే మధ్యాహ్నానికి డీవో పెరుగుద్ది, పీహెచ్ కూడా ఎక్కుద్ది. రాత్రి ఎండ ఉండదు, ఊపిరి మాత్రం అన్నీ తీసుకుంటాయి. తెల్లారేసరికి ఆక్సిజన్ అడుగంటుద్ది, పీహెచ్ దిగుద్ది. రాత్రంతా ఏరేటర్లు తిరిగేది అందుకే. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అనే రెండు పాఠాలూ ఆ చెరువులోనే ఉన్నాయి. దీనికోసం పిల్లల్ని చెరువు దగ్గరికి పంపొద్దు, అక్కడ కరెంటు వైర్లుంటాయి. నాన్నో మావయ్యో పొద్దున, మధ్యాహ్నం కొలిచిన అంకెలు చీటీ మీద రాసిస్తే చాలు. వారం అంకెలతో బడిలో గ్రాఫు గీయొచ్చు. ప్యానెల్ ఉన్నది ఇట్టాంటి గ్రాఫు అందరికీ కనపడేటట్టు వేయడానికే.

ఇంకోటి. బందర్లో వాతావరణ శాఖ డాప్లర్ రాడారుంది. అది పంపే రేడియో తరంగాలు వాన చినుకులకి కొట్టుకుని వెనక్కొస్తాయి. వచ్చిన సమయాన్ని బట్టి మబ్బు ఎంత దూరముందో, తరంగం మారిన తీరుని బట్టి అది మనవైపు వస్తోందో పోతోందో తెలుస్తది. ఆ బొమ్మలు శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ దొరుకుతాయి. 1977 నవంబరు 19 ఉప్పెనకి వేలమందిని పోగొట్టుకున్న దివిసీమలో ఆ బొమ్మ చదవడం ప్రతి పిల్లకీ రావాలి. వాయుగుండం వార్త వచ్చిన రోజు సినిమా పాఠం పక్కనబెట్టి ఆ రాడారు బొమ్మ ప్యానెల్ మీద వేసి చూపించడానికి ఖర్చేం లేదు.

మరి ఎందుకు జరగట్లేదు? టీచర్ల తప్పని తేల్చేయడం తేలిక. వాళ్ళ చేతిలో హాజరు యాప్, ఫొటోలు, ఆన్‌లైన్ లెక్కలు ఉంటాయి. సిలబస్ తరుముతుంటది. ప్యానెల్ చెడిపోతే బాగుచేసేదాకా ఎదురుచూపే. మీటరు కొనాలంటే ఏ పద్దు కింద కొనాలో తెలీదు. మధ్యప్రదేశ్‌లో 1972లో 16 బడుల్లో మొదలైన హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం చౌక కిట్లతో పిల్లల చేత ప్రయోగాలు చేయించింది. ముప్పై ఏళ్ళు నడిచాక 2002లో ప్రభుత్వమే ఆపేసింది. మంచి పని నిలవాలంటే వెనకాల ఊరుండాలని అర్థం.

కాబట్టి అమ్మానాన్నలకి ఒక మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉంది. ఈసారి మీటింగుకెళ్ళినప్పుడు రంగులు, గేట్లు, బెంచీలతో పాటు ఇవి కూడా అడగండి. ఈ నెలలో మా పిల్ల చేత్తో చేసిన ప్రయోగాలెన్ని? ల్యాబు తాళం ఎన్నిసార్లు తీశారు? ప్యానెల్ చెడితే ఎన్నాళ్ళలో బాగుచేస్తారు, ఫోనెవరికి చెయ్యాలి? బడికో టీడీఎస్ మీటరు, పీహెచ్ కిట్టు, థర్మామీటరు కొనడానికి అడ్డేమిటి? సర్కారుని అడగాల్సింది కూడా ఒకటుంది. టీచర్లే రాసి, అందరికీ ఉచితంగా దొరికే తెలుగు సైన్సు పాఠాలు కావాలి. ఏ కంపెనీ మూతబడినా అవి మూతపడకూడదు.

ఆక్వా ల్యాబుల్లో పనిచేసే కుర్రాళ్ళు మనూళ్ళలోనే ఉన్నారు. నెలకో గంట బడికొచ్చి తమ కిట్టు ఎట్టా పనిచేస్తదో చూపించమంటే కాదనరు. పిలవాల్సింది మనమే.