ఘాటు మీద కనిపించి, షెడ్డులో మాయమయ్యే లోపము

వైశాఖ మాసపు మధ్యాహ్నము ఒక స్పోర్ట్స్ కారు కరీంనగరు నుండి ఆదిలాబాదుకు బయలుదేరినదని అనుకొందాము. దానికి క్లచ్చి పెడలు లేదు. గేర్లు వాటంతట అవే మారుతాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు దాటి, గోదావరి మీదుగా నిర్మల్ చేరేవరకు ప్రయాణము నున్నగా సాగినది. నిర్మల్ దాటి పాత రహదారిలో మహబూబ్ ఘాటు ఎక్కేటప్పుడు మాత్రము బండి రెండు మూడు సార్లు గుంజి వదలినట్లు అదిరినది. ఒక్క క్షణము బలము తగ్గి, మళ్ళీ వచ్చినది. మరునాటి ఉదయము మెకానిక్కు ఊరంతా తిప్పి చూచినా ఏ దోషమూ కనిపించలేదు.

ఎప్పుడూ ఉండే లోపమును కనిపెట్టుట తేలిక. వచ్చి పోయే లోపమును పట్టుట కష్టము. అట్లని ఉపేక్షించుటకు వీలులేదు. ఘాటు మీద లారీని దాటుతున్నప్పుడు బలము పడిపోతే ప్రాణాపాయము కలుగవచ్చును. ఊహ మీద ఒక్కొక్క భాగమును మార్చుకొంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది. లోపము పోయినా దేనివలన పోయినదో తెలియదు.

ఈ చిక్కు వైద్యునికి కొత్తది కాదు. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరపు రోగి, జ్వరము లేని రోజున ఆసుపత్రికి పోతే ఒళ్ళు చల్లగానే ఉంటుంది. అందుచేత వైద్యుడు ముందు ప్రశ్నలు వేస్తాడు. మెకానిక్కు చేయవలసినదీ అదే. ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా? ఎంత వేగములో? ఏ గేరులో? యాక్సిలరేటరు ఎంత నొక్కినప్పుడు? ఎత్తు ఎక్కేటప్పుడా, చదునులోనా? ఈ జవాబులను కాగితము మీద వ్రాసుకొనవలెను. పై కారు విషయములో రెండు సంగతులు తేలినవి: వేడి, భారము. ఈ రెండూ కలిసినప్పుడే లోపము బయటపడుతున్నది. షెడ్డులో ఆ రెండూ లేవు.

తరువాతి ప్రశ్న: దోషము ఇంజనులోనా, గేరుపెట్టెలోనా? ఇటువంటి కార్లు చాలావాటిలో ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ టార్కు కన్వర్టరు అనే సాధనము ఉంటుంది. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంటు పొందినాడు. ఎదురెదురుగా పెట్టిన రెండు పంకాలలో ఒకటి తిరిగితే, దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది. ఇక్కడ గాలికి బదులు నూనె ఉంటుంది. అయితే రెండవ చక్రము కొంత వెనుకబడుతుంది. ఆ మేరకు శక్తి వృథా అవుతుంది. అందుచేత బండి నిలకడగా పోయేటప్పుడు లాకప్ క్లచ్చి అనే బిళ్ళ రెండింటినీ కలిపి పట్టుకొంటుంది. ఈ బిళ్ళ అరిగినా, నూనె చెడినా పట్టు జారి బండి వణుకుతుంది. ఇంజను మిస్సింగు కొట్టినా దాదాపు అదే విధముగా వణుకుతుంది. కూర్చున్న వానికి భేదము తెలియదు.

భేదము తెలిసికొనుటకు ఒక ఉపాయము ఉన్నది. ఖాళీ రోడ్డు మీద, వెనుక వాహనము లేనప్పుడు, వణుకు వస్తుండగా బ్రేకు పెడలును కొద్దిగా తాకితే లాకప్ విడిపోతుంది. వణుకు వెంటనే ఆగితే అనుమానము క్లచ్చి మీదికి పోతుంది. కాని ఆ క్షణములో ఇంజను మీది భారము కూడా మారుతుంది కనుక, ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు. కంప్యూటరు చూపే రెండు వేగములను పోల్చవలెను. లాకప్ పట్టి ఉండగా ఇంజను వేగమునకూ గేరుపెట్టెలోనికి వచ్చే వేగమునకూ తేడా పెరుగుతూ తగ్గుతూ ఉంటే క్లచ్చి జారుతున్నట్లు. రెండూ కలిసియే తడబడుతుంటే దోషము ఇంజనుది. ఈ అంకెలను పక్కన కూర్చున్నవాడు చూడవలెను. నడిపేవాని చూపు రోడ్డు మీదనే ఉండవలెను.

అమెరికాలో 1996 నుండి అమ్మే కార్లలో దోషములను గుర్తుపెట్టుకొనే ఏర్పాటు తప్పనిసరి అయినది. తరువాత భారతదేశములోనూ వచ్చినది. అందులో ‘పి 0302’ అనే సంకేతము కనిపించినదనుకొందాము. రెండవ సిలిండరులో ఇంధనము సరిగా మండుట లేదని దాని అర్థము. ఏ భాగము చెడినదో అది చెప్పదు. ప్లగ్గు కావచ్చును, దానికి అధిక వోల్టేజి ఇచ్చే ఇగ్నిషన్ కాయిలు కావచ్చును, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కావచ్చును. సంకేతము రోగ లక్షణమే కాని రోగ కారణము కాదు.

ఇక్కడ ఖర్చులేని ప్రయోగము ఒకటి చేయవచ్చును. ఇంజను చల్లారిన తరువాత, రెండవ సిలిండరు కాయిలును మూడవదానికీ, మూడవదానిని రెండవదానికీ మార్చవలెను. మిగిలినవేవీ కదల్చరాదు. మళ్ళీ అదే ఎండలో, అదే ఘాటు మీద, అదే గేరులో నడపవలెను. ఈసారి సంకేతము ‘పి 0303’ అయితే దోషము కాయిలు వెంట పోయినట్లే. రెండవ సిలిండరులోనే నిలిచితే కాయిలు నిర్దోషి. అప్పుడు ప్లగ్గును అదే విధముగా పరీక్షించవలెను. ఒకేసారి రెండింటినీ మార్చితే నేరము దేనిదో తేలదు.

కాయిలే చెడినదనుకొంటే, ఘాటు మీదనే ఎందుకు బయటపడవలెను? ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరులోనికి గాలి ఎక్కువగా వస్తుంది. నిప్పురవ్వ పుట్టే వేళకు అక్కడి పీడనము పెరుగుతుంది. ఇంజనులో ఉండేటంతటి పీడనముల వద్ద, వాయువు దట్టమైన కొద్దీ రవ్వ దూకుటకు ఎక్కువ వోల్టేజి కావలెను. పాషెన్ 1889లో ప్రకటించిన నియమము దీనిని వివరిస్తుంది. ఇక వేడి సంగతి. రాగి తీగ నిరోధము ప్రతి సెంటిగ్రేడు డిగ్రీకి సుమారు 0.39 శాతము పెరుగుతుంది. 80 డిగ్రీలు వేడెక్కితే 10 ఓముల తీగ 13 ఓములు దాటుతుంది. పైగా వేడికి వ్యాకోచించి, తీగలోనో పై పూతలోనో ఉన్న సన్నని పగులు విచ్చుకొనవచ్చును. రాత్రి చల్లారితే పగులు మూసుకొంటుంది. ఉదయము మెకానిక్కుకు ఏమీ కనిపించకపోవుట వింత కాదు.

కొత్త కాయిలు పెట్టినంతనే పని ముగియదు. లోపము కనిపించిన పరిస్థితులలోనే బండిని మళ్ళీ నడిపి, అది రాలేదని చూచుకొనవలెను. చల్లని ఉదయము ఊరిలో తిప్పి ‘బాగైనది’ అనుట పరీక్ష కాదు.

ఉపాధ్యాయులు తరగతిలో సన్నని రాగి తీగ చుట్టను, థర్మామీటరు ఉన్న నూనె గిన్నెలో క్రమముగా వేడి చేసి, నిరోధమును కొలిపించవచ్చును. వేడి తప్ప మరేదీ మారరాదని విద్యార్థులకు ముందే చెప్పవలెను. ప్రయోగశాలలో పాటించే ఆ నియమమే ఘాటు మీద దాగిన లోపమును బయటికి లాగుతుంది.