భావప్రసార శాస్త్రంలో శ్రోత

మాట నేర్చిన ప్రతి మనిషీ తన మనసులోని భావాన్ని ఎదుటివారికి తెలియజేస్తూనే ఉంటాడు. సంతలో బేరమాడే రైతు, సభలో ప్రసంగించే నాయకుడు, పసివాడికి కథ చెప్పి అన్నం తినిపించే అమ్మమ్మ, వీరెవ్వరూ ఏ సిద్ధాంతాన్నీ చదువుకోలేదు. అటువంటప్పుడు భావప్రసారాన్ని విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర స్థాయిలో ప్రత్యేక శాస్త్రంగా అభ్యసించవలసిన అవసరమేమిటన్న సందేహం కలగడం సహజం. ఎం.ఏ. కమ్యూనికేషన్‌లో చేరదలచిన విద్యార్థిని ఇంట్లో పెద్దలు "అంటే విలేకరి ఉద్యోగమా?" అని అడగడం కూడా అంతే సహజం.

వార్త రాయడం, ఛాయాచిత్రం తీయడం, రేడియోకు తగినట్లు మాట్లాడడం నైపుణ్యాలు. వాటిని అభ్యాసంతో సాధించవచ్చు. సిద్ధాంతం అడిగే ప్రశ్న వేరు. ఆ వార్త చదివినవాడికి ఏమయింది? పంపినవాడు తలచిన అర్థమే అందుకున్నవాడికి చేరిందా? చేరకపోతే లోపం ఎవరిది? ఈ ప్రశ్నలకు గత ఎనభై ఏళ్లలో వచ్చిన సమాధానాలను వరుసగా పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. మొదట్లో శాస్త్రజ్ఞుల దృష్టి అంతా చెప్పేవాడి మీదే నిలిచింది. క్రమంగా అది వినేవాడి వైపు మళ్లింది.

ఈ విషయాన్ని ఉన్నత విద్యలో ఒక శాఖగా నిలబెట్టినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు అమెరికాకు చెందిన విల్బర్ ష్రామ్. ఆయన సాహిత్య విద్యార్థి కావడం విశేషం. 1932లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి ఆంగ్ల సాహిత్యంలో డాక్టరేటు పొంది, అక్కడే సృజనాత్మక రచన నేర్పే 'రైటర్స్ వర్క్‌షాప్'కు తొలి సంచాలకుడయ్యాడు. చిన్ననాటి నుంచి ఆయనకు నత్తి ఉండేది. మాట పెదవి దాటడానికి ఎంత ప్రయాస పడాలో అనుభవపూర్వకంగా తెలిసినవాడే మాటను గురించిన శాస్త్రానికి పునాది వేశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాషింగ్టన్‌లో ప్రభుత్వ సమాచార విభాగంలో పనిచేసి, 1943లో అయోవాకు తిరిగివచ్చి, సామూహిక భావప్రసారంలో డాక్టరేటు చదువుకు ప్రణాళిక రూపొందించాడు. 1947లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో భావప్రసార పరిశోధన సంస్థను నెలకొల్పాడు. యుద్ధంలో ప్రచారం ఒక ఆయుధమైంది. ఆ ఆయుధం నిజంగా పనిచేస్తుందా అన్నది ప్రభుత్వాలు తెలుసుకోగోరాయి. ఈ శాస్త్రం పుట్టుకలో జ్ఞానతృష్ణతో పాటు ఆ అవసరం కూడా ఉందని మరువరాదు.

అదే కాలంలో టెలిఫోను ప్రయోగశాల నుంచి మరొక ఆలోచన వచ్చింది. బెల్ సంస్థలో పనిచేస్తున్న గణితవేత్త క్లాడ్ షానన్ 1948లో భావప్రసారానికి ఒక గణిత సిద్ధాంతాన్ని ప్రకటించాడు. సందేశం ఒక మూలం నుంచి బయలుదేరుతుంది. ప్రేషకయంత్రం దానిని సంకేతంగా మారుస్తుంది. సంకేతం తీగ వెంట ప్రయాణిస్తుంది. దారిలో దానికి రొద తోడవుతుంది. గ్రాహకయంత్రం సంకేతాన్ని మళ్లీ సందేశంగా మార్చి గమ్యానికి అందిస్తుంది. సందేశపు అర్థంతో తనకు నిమిత్తం లేదని షానన్ ముందే చెప్పాడు. ఇంజనీరుకు కావలసింది సంకేతం చెడకుండా చేరడమే.

సాహిత్య విద్యార్థులకు ఇందులో ఆసక్తి కలిగించే అంశం ఒకటి ఉంది. మన ఆలంకారికులు పునరుక్తిని కావ్యదోషంగా లెక్కించారు. షానన్ లెక్కలో పునరుక్తి భాషకు రక్షణ. ఆయన అంచనా ప్రకారం ఆంగ్లంలో రాసే అక్షరాలలో దాదాపు సగం అటువంటివే. తెలుగులో "పిల్లలు వచ్చారు" అన్న చిన్న వాక్యం చూడండి. 'పిల్లలు' అన్న పదంలో బహువచనం ఉంది, 'వచ్చారు' అన్న క్రియలోనూ ఉంది. రైలు కూత మధ్య మొదటి పదం సగమే వినిపించినా, వచ్చినది ఒక్కరు కాదని క్రియ తెలుపుతుంది. స్టేషనులో ఒకే ప్రకటనను మళ్లీ మళ్లీ వినిపించడంలోని రహస్యం కూడా ఇదే. కవికి దోషమైనది ప్రయాణికుడికి ఉపకారమైంది!

1949లో షానన్ సిద్ధాంతం వారెన్ వీవర్ వ్యాఖ్యానంతో గ్రంథరూపంలో వెలువడింది. యంత్రాల కోసం గీసిన ఆ పటాన్ని సామాజిక శాస్త్రజ్ఞులు మనుషులకు అన్వయించారు. అక్కడే చిక్కు వచ్చింది. గ్రాహకయంత్రం ఉన్న చోట మనిషిని కూర్చోబెట్టారు. యంత్రానికి అభిప్రాయాలు ఉండవు, పూర్వానుభవం ఉండదు, పక్కింటివారితో మాట్లాడే అలవాటూ ఉండదు. మనిషికి ఇవన్నీ ఉంటాయి.

పక్కింటివారి మాటకు ఉన్న బలం అప్పటికే ఒక పరిశోధనలో బయటపడింది. 1940 అధ్యక్ష ఎన్నికల సమయంలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహైయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మంది ఓటర్లను మే నుంచి నవంబరు వరకు పలుమార్లు కలిసి ప్రశ్నించింది. పత్రికలు, రేడియో ఓటర్ల మనసును మార్చివేస్తాయన్న ఊహ అప్పట్లో బలంగా ఉండేది. తుపాకి గుండు తగిలినట్లు సందేశం మనిషికి తగులుతుందన్న భావన అది. ఫలితం అందుకు భిన్నంగా వచ్చింది. ప్రచారం వల్ల ఓటు మార్చుకున్నవారు కొద్దిమందే. ఎక్కువమంది తమ ముందటి అభిప్రాయాన్నే గట్టిపరచుకున్నారు. సందేహంలో ఉన్నవారు తమకు తెలిసిన, తాము నమ్మే మనుషుల మాట విన్నారు. మాధ్యమం నుంచి కొందరు అభిప్రాయ నాయకులకు, వారి నుంచి ఇతరులకు భావం రెండు అంచెలుగా చేరుతుందన్న సిద్ధాంతం దీని నుంచే పుట్టింది. ఊరి రచ్చబండ ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. కాని తోచడం వేరు, 600 మందిని నెలల తరబడి అడిగి తేల్చడం వేరు. స్నాతకోత్తర విద్యార్థి నేర్చుకొనే మొదటి క్రమశిక్షణ ఈ రెండోది.

భారతదేశంలో ఈ చదువు అభివృద్ధి ప్రణాళికలతో ముడిపడి ఎదిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లోనే ఏర్పడింది. 1956లో యునెస్కో సహాయంతో పుణె ఆకాశవాణి పరిధిలోని గ్రామాలలో రైతు రేడియో సంఘాలను ఏర్పరచి, రైతులు కార్యక్రమాన్ని కలిసి విని చర్చించుకొనేలా చేశారు. పాల్ న్యూరాత్ అనే సామాజిక శాస్త్రవేత్త సంఘాలు ఉన్న ఊళ్లను, లేని ఊళ్లను పోల్చి చూశాడు. కలిసి విని మాట్లాడుకున్నచోట విషయజ్ఞానం స్పష్టంగా ఎక్కువైంది. 1965లో న్యూఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ ఏర్పడింది. దాని స్థాపనకు దారితీసిన సలహా బృందానికి నాయకత్వం వహించినవాడు ష్రామ్ కావడం గమనార్హం.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు జరిగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం వీటన్నిటికంటే పెద్దది. 'సైట్' అని పేరుపొందిన ఈ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు నేరుగా అందాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఒక్క దృశ్యానికి రెండు ధ్వనిమార్గాలు ఉండేవి. అందుచేత ఒకే బొమ్మను చూస్తూ రెండు ప్రాంతాలవారు తమ తమ భాషల్లో వినే వీలు కలిగింది. ఉపగ్రహం కంటే కూడా ఈ శాస్త్ర విద్యార్థికి ముఖ్యమైనది దానిని అంచనా కట్టిన తీరు. ప్రశ్నపత్రాలతో లెక్కలు తీయడంతో సరిపెట్టక, ఎంపిక చేసిన గ్రామాలలో మానవశాస్త్ర పరిశోధకులు నెలల తరబడి నివసించి, టెలివిజన్ ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎవరు రావడం మానేశారో, తరువాత ఏం మాట్లాడుకుంటున్నారో గమనించారు.

ఇటువంటి అనుభవాలు సిద్ధాంతకర్తలను కూడా పునరాలోచనలో పడవేశాయి. కొత్త పద్ధతులు సమాజంలో ఎలా వ్యాపిస్తాయో వివరిస్తూ ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రసిద్ధ గ్రంథం వెలువరించాడు. కొత్త విత్తనాన్ని ముందుగా స్వీకరించేవారి నుంచి చివరిదాకా స్వీకరించనివారి దాకా మనుషులను ఆయన అయిదు తరగతులుగా విభజించాడు. చివరి తరగతికి 'వెనుకబడినవారు' అని పేరు పెట్టాడు. వానను నమ్ముకున్న మెట్టరైతు కొత్త విత్తనాన్ని వద్దనుకుంటే అది అజ్ఞానమా, జాగ్రత్తా? అప్పు పుట్టదు, పంట పోతే తిండి ఉండదు, అన్న లెక్క అతని నిర్ణయంలో ఉండదా? 1976లో రోజర్స్ తానే ఈ పాత దృక్పథానికి కాలం చెల్లిందని వ్యాసం రాశాడు. కొత్తదంతా మంచిదనుకోవడం, లోపాన్ని వ్యక్తి మీద మోపడం తన రంగంలోని పక్షపాతాలని తరువాతి ముద్రణలో చర్చించాడు. తన పేరు నిలబెట్టిన సిద్ధాంతాన్ని తానే ప్రశ్నించుకోగలగడం పండితులలో తరచుగా కనిపించే గుణం కాదు.

ఇంగ్లండులో ఈ మలుపు మరొక విధంగా వచ్చింది. 1964లో రిచర్డ్ హోగార్ట్ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సమకాలీన సంస్కృతి అధ్యయన కేంద్రాన్ని స్థాపించాడు. అది స్నాతకోత్తర పరిశోధన కోసమే వెలసింది. ఆచార్యులు, విద్యార్థులు బృందాలుగా చదివి, కలిసి రాసి ప్రచురించేవారు. ఆ కేంద్రానికి చెందిన స్టూవర్ట్ హాల్ 1973లో ఒక వ్యాసంలో, సందేశాన్ని కూర్చడం ఎలా ఒక పనో, దానిని విప్పుకోవడం కూడా అలాగే ఒక పని అని ప్రతిపాదించాడు. పురుగుమందు ప్రకటన టెలివిజన్‌లో వచ్చిందనుకుందాం. ఒక రైతు దానిని చెప్పినట్లే నమ్ముతాడు. మరొకడు మందు మంచిదేగాని తన చేనుకు అంత అవసరం లేదనుకుంటాడు. మూడోవాడు ఇది కంపెనీ లాభం కోసం ఆడిన మాట అని తోసిపుచ్చుతాడు. సందేశం ఒకటే, అర్థాలు మూడు. షానన్ పటం ప్రకారం మూడోవాడి విషయంలో ప్రసారం విఫలమైందని అనవలసి రావచ్చు. హాల్ దృష్టిలో అతడు సందేశాన్ని చక్కగా గ్రహించాడు, గ్రహించే నిరాకరించాడు. 2002లో ఆ విశ్వవిద్యాలయం ఆ శాఖను మూసివేసినా, ఈ ఆలోచన ప్రపంచంలోని అనేక విశ్వవిద్యాలయాలలో పాఠ్యాంశంగా నిలిచింది.

శ్రోతకు ఈ ప్రాధాన్యం ఇవ్వడం భారతీయ అలంకారశాస్త్రానికి కొత్త కాదు. ఆంగ్లంలోని 'కమ్యూనికేషన్' అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి 'అందరికీ చెందినది' అని అర్థం. సాధారణమనే సంస్కృత పదానికీ అదే అర్థం. కావ్యంలోని పాత్ర అనుభవం ఆ వ్యక్తి పరిధిని దాటి ప్రేక్షకుడిది కూడా కావడాన్ని కాశ్మీర ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణమన్నాడు. ఆయన 'హృదయదర్పణం' నేడు లభించదు. అభినవగుప్తుడు తదితరులు ఉదహరించడం వల్లనే ఆ సిద్ధాంతం మనకు తెలిసింది. దీని ఆధారంగా భారతీయ భావప్రసార సిద్ధాంతాన్ని నిర్మించే ప్రయత్నాలు భారతదేశంలోనూ నేపాల్‌లోనూ జరిగాయి. నేడు కొన్ని స్నాతకోత్తర పాఠ్యప్రణాళికలలో ఇది చోటు చేసుకొంది.

అయితే సర్వమూ మన శాస్త్రాలలోనే ఉందని సంబరపడడం తొందరపాటు. ఆలంకారికులు చెప్పిన సహృదయుడు కావ్యానుశీలనంతో మనసు అద్దంలా తేటపడినవాడు. కవి హృదయంతో ఏకీభవించగలవాడు. హాల్ చెప్పిన మూడో రైతు ఏకీభవించడానికి సిద్ధంగా లేడు. అతనికి ఆ శాస్త్రంలో చోటెక్కడ? నాటకశాలలోకి రానివారి సంగతేమిటి? ఈ ప్రశ్నలను తప్పించుకోకుండా ప్రాచీన సిద్ధాంతాన్ని చదివితేనే దానికి గౌరవం.

తెలుగునేల మీద ఈ చర్చ పుస్తకాలలోనే ఉండిపోలేదు. మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలతో కలిసి చిరుధాన్యాల సేద్యం మీద పనిచేస్తూ వచ్చింది. 1990ల చివర మాచనూరు గ్రామంలో యునెస్కో సహాయంతో ఒక రేడియో స్టూడియో వెలిసింది. ప్రసారానికి అనుమతి లేనందున దళిత మహిళలు కార్యక్రమాలను టేపుల మీద నమోదు చేసి, సంఘం సమావేశాలలో వినిపించేవారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. అయినా స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో నడిపే అవకాశం 2006 విధానంతో గాని రాలేదు. 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' ప్రసారాలు మొదలుపెట్టింది. విత్తనాలు, ఆకుకూరలు, మందుమొక్కలు, పండుగలు, పాటలు, అన్నీ అక్కడి స్త్రీలు తమ పలుకుబడిలోనే చెప్పుకొన్నారు. ఈ ఉద్యమాన్ని అధ్యయనం చేసిన హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు వినోద్ పావరాల, కాంచన్ మలిక్ భారతదేశంలో సామాజిక రేడియో కోసం జరిగిన పోరాటంపై 2007లో గ్రంథం ప్రచురించారు. 2011లో అదే విశ్వవిద్యాలయంలో సామాజిక మాధ్యమాలపై యునెస్కో పీఠం ఏర్పడింది.

ఇటువంటి శాఖలో చేరిన విద్యార్థి సిద్ధాంతాలను, పరిశోధన పద్ధతులను చదివి, సాధారణంగా ఒక లఘు పరిశోధనతో కోర్సు పూర్తిచేస్తాడు. అందుకోసం ఊరికి వెళ్లినప్పుడు అతని చేతిలో ప్రశ్నపత్రం ఉంటుంది. "మీరు రోజూ రేడియో ఎన్ని గంటలు వింటారు?" అన్నది అందులో మొదటి ప్రశ్న కావచ్చు. మాచనూరు వంటి చోట ఆ ప్రశ్నకు జవాబిచ్చే స్త్రీ వినడంతో పాటు కార్యక్రమం కూడా చేసి ఉండవచ్చు. ఆమె మాటను శ్రోతల పట్టికలో రాయాలో, వక్తల పట్టికలో రాయాలో తేల్చుకోవడానికి విద్యార్థి మళ్లీ ప్రశ్నపత్రం మొదటి పుటకు రావలసి ఉంటుంది.