ఎగువ తూమువద్ద విద్యుత్ప్రవాహ నియమనము

వశిష్ఠ గోదావరి తీరమున, అంతర్వేదికి చేరువనున్న మా సఖినేటిపల్లి ప్రాంతమున రొయ్యల చెరువులు పెక్కులు గలవు. నీరు వేడెక్కినకొలది దానియం దిముడు ప్రాణవాయువు తగ్గును. కావున నీటి ఉష్ణోగ్రతను తప్పులేకుండ కొలుచుట రైతునకు లాభనష్టముల విషయము.

ఇందులకు ప్లాటినము తీగ మిక్కిలి తగినది. పి.టి. 100 అను తీగ నిరోధము 0 డిగ్రీల సెంటీగ్రేడువద్ద 100 ఓములు. 30 డిగ్రీలవద్ద సుమారు 111.7 ఓములు. దానిగుండ 1 మిల్లీ ఆంపియరు ప్రవాహమును పంపి, కొసల నడుమ వోల్టేజిని కొలిచిన నిరోధము తెలియును. ఆ ప్రవాహము వేయింట నొకవంతు తప్పినను ఉష్ణోగ్రత సుమారు 0.3 డిగ్రీ తప్పును.

తీగ దిగువ కొస లోహపు తొడుగుతో కూడి నీటిని, అనగా భూమిని, అంటియున్న దనుకొందము. అప్పుడు నియామకమును దిగువనుంచినచో ప్రవాహము దానిని తప్పించుకొని నేలలోనికి పోవును. గట్టు తెగిన కాలువకు దిగువ తూము బిగించి ప్రయోజనమేమి? లస్కరు ఎగువ తూమువద్దనే నిలువవలెను.

ఆ యేర్పాటిట్లుండును. 12 వోల్టుల బ్యాటరీ ధన కొసనుండి వరుసగా 2,500 ఓముల నిరోధకము, పి-ఛానెల్ మాస్‌ఫెట్, ప్లాటినము తీగ, భూమి: ఇది ప్రవాహ మార్గము. ధన కొసకంటె 2.5 వోల్టులు తక్కువగా నొక ప్రమాణ వోల్టేజి నేర్పరచి, ఆప్-ఆంప్ ధన ద్వారమున కీయవలెను. నిరోధకపు దిగువ కొసను ఋణ ద్వారమునకును, ఆప్-ఆంప్ ఫలితమును మాస్‌ఫెట్ గేటునకును కలుపవలెను. ప్రవాహము హెచ్చిన నిరోధకపు దిగువ కొస వోల్టేజి పడిపోవును. వెంటనే ఆప్-ఆంప్ గేటు వోల్టేజిని పెంచి ప్రవాహమును తగ్గించును. ప్రవాహము తగ్గినచో దీనికి విరుద్ధముగా జరుగును. తుదకు 2.5ను 2,500చే భాగింపగా వచ్చు 1 మిల్లీ ఆంపియరే నిలుచును. బ్యాటరీ 11 వోల్టులకు దిగినను ప్రమాణము ధన కొసను అంటియే దిగును గనుక ప్రవాహము మారదు.

మాస్‌ఫెట్ గేటు స్థిరప్రవాహమును గ్రహింపదు. సాధారణ ట్రాన్సిస్టరు నుంచినచో, దాని గుణకము 100 అయినయెడల, నూటి కొకవంతు బేసుగుండ జారిపోవును. నిరోధకము 0.1 శాతముకంటె సూక్ష్మమైనదై, వేడికి మారనిదై యుండవలెను. తీగలు దీర్ఘమైనచో వోల్టేజి కొలుచు రెండు తీగలను ప్లాటినము కొసలవద్దనే వేరుగ కలుపవలెను.

ప్లాటినమునకు బదులు మొదట 100 ఓములు, పిమ్మట 1,000 ఓములు ఉంచి చూడుడు. వోల్టేజి 0.1నుండి 1 వోల్టునకు సరిగ పదిరెట్లయినచో, చెరువునకు పోవుటకు మన లస్కరు సిద్ధుడని నమ్మవచ్చును.