కుండలికా నదిపై ఒక్కదినపు సాహసయాత్ర

సెలవులు రాగానే ముంబయి నగరమందలి మన పిల్లలు కోలాడునకు పోవ నుత్సహించుచుందురు. రాయగఢ్ జిల్లాలోని ఆ యూర కుండలికా నదిపై గాలి నింపిన రబ్బరు తెప్పలో ప్రయాణము, త్రాటిని పట్టి నదిని దాటుట, చిన్న పడవ నడుపుట ఒక్క దినముననే సమకూడును.

వేసవియందును ఈ నదికి వేగ మెక్కడిది? ముల్షీ జలాశయపు నీరు, 1927లో వెలసిన భీరా విద్యుత్కేంద్రమున యంత్రములను త్రిప్పి, పిదప కుండలికలోనికి వచ్చును. సాధారణముగా ఉదయమున నీరు విడుతురు గనుక తెప్పలును అప్పుడే సాగును. ప్రశాంతముగా కన్పట్టు నది ఆ వేళ త్వరితముగా పొంగును. కావున ఊరివారి నడుగక స్నానమునకు దిగరాదు.

ప్రవాహపు కాఠిన్యమును 1 మొదలు 6 వరకు తరగతులుగా లెక్కింతురు. తెప్పనుండి పడినవారు వడినీటిలో నిలువబడ యత్నింపరాదు. రాళ్ళ సందున పాదము చిక్కినచో ప్రవాహము మనిషిని ముందునకు వంచి ముంచివేయును. వెల్లకిల తేలుచు, పాదములను దిగువవైపునకు చాచి యుంచవలెను.

తల్లిదండ్రులారా! పిల్లలను వలదని వారించుటకంటె ఈ సంగతులు నేర్పి పంపుట మేలని మేము తలంచుచున్నాము. భుజములకడ పట్టి పైకి లాగినను చెవులవరకు జారని లైఫ్ జాకెట్టు, తలకు బిగువుగా నమరిన హెల్మెటు ఉన్నవో లేవో స్వయముగా చూడుడు.