రెండు ఇంధనముల బాయిలరు గల ఇంటిని అమ్ముట

మన ప్రాంతములలో ఇల్లు అమ్మువాడు దస్తావేజులు సరిగా నున్నవా, బావినీరు మంచిదా, గాలి వెలుతురులు చాలునా అను ప్రశ్నలకు సమాధానము చెప్పిన చాలును. అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య భాగమున, మెయిన్, వెర్మాంట్ వంటి రాష్ట్రములలో, మరియొక ప్రశ్న అన్నిటికంటె ముందు వచ్చును: ఈ ఇల్లు శీతకాలమున వెచ్చగా నుండునా? అచట నిప్పు ఆరిన ఇంటిలో గొట్టములలోని నీరు గడ్డకట్టి, గొట్టములే పగిలిపోవును. నేడు అనేక తెలుగు కుటుంబములు ఆ దేశమున ఇండ్లు కొనుచున్నవి, అమ్ముచున్నవి. కావున ఈ విషయము మనకును కొంత సంబంధించినదే.

ఆ ప్రాంతపు ఇండ్లలో పెక్కింటిని చమురు మండించు బాయిలరు వెచ్చజేయును. నేలమాళిగలో కాగిన నీటిని పంపు గదులలోని రేడియేటర్లకు చేర్చును. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని నిషేధింపగా, పీపా సుమారు 3 డాలర్లున్న ముడిచమురు ధర 1974 ఆరంభమునకు 12 డాలర్లకు సమీపించెను. అడవి చేరువనున్నవారు కట్టెల వైపు మరలిరి. వారిలో చేతిపని తెలిసిన కొందరు చమురు బాయిలరు ప్రక్కనే కట్టెల బాయిలరును నిలిపి, రెండింటి నీటి గొట్టములను తామే కలిపిరి. కట్టెలు బాగుగా మండుచున్నంతసేపు చమురు మంట వెలుగదు. నీటి వేడి నిర్ణీతమైన మేరకు తగ్గగానే థర్మోస్టాట్ దానిని వెలిగించును. యుక్తి మంచిదే, పొదుపును నిజమే.

అయినను ఈ రెండు మంటల స్వభావము ఒకటి కాదు. చమురు మంటను మీట నొక్కి ఆర్పవచ్చును. కట్టెల మంట అట్లు ఆరదు. విద్యుత్తు పోయి పంపు నిలిచినను అది మండుచునే యుండును. మూసిన బాయిలరులో నీరు మరగసాగును. నీరు ఆవిరియైనచో సుమారు 1,600 రెట్ల చోటు కావలెను. అందులకే ఒత్తిడి మించినపుడు తనంతట తెరచుకొను రక్షకవాల్వు అత్యవసరము. 1905 మార్చి 20వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమున బ్రాక్టన్ పట్టణములో చెప్పుల కర్మాగారపు బాయిలరు పేలి 58 మంది మరణించిరి. 1907లో ఆ రాష్ట్రము బాయిలర్లకు చట్టము చేసెను. నేటి నియమముల వెనుక అట్టి మరణములు గలవు.

పొగగొట్టమును గూర్చియు ఇట్లే. పచ్చికట్టెల పొగ వలన గొట్టము లోపల క్రియోసోట్ అను జిగట మసి పేరుకొని, ఒకనాడు అంటుకొనును. గొట్టము మూసుకొనిపోయినచో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రించువారి గదులలో ప్రవేశించును. కట్టెలకు, చమురునకు ఒకే పొగదారిని వాడుటను అచటి అగ్నిరక్షణ ప్రమాణము, అట్టి వాడుకకై పరీక్షింపబడిన యంత్రమునకు దక్క, అంగీకరింపదు.

ఇక అమ్మకమునకు వత్తము. యజమాని తాను మిగిల్చిన డాలర్లను లెక్కించి చూపును. కొనువాని వెనుక మరి ముగ్గురు నిలిచియుందురు: ఇంటిని పరీక్షించువాడు, అప్పిచ్చువాడు, బీమా చేయువాడు. యంత్రమునకు పరీక్షా ముద్ర యున్నదా, పురపాలకుల అనుమతి పొందిరా అని వారడుగుదురు. ప్రభుత్వ హామీతో లభించు కొన్ని గృహఋణముల విషయమున, కట్టెలే ముఖ్య ఇంధనమైనచో, ఇంటిని కనీసము 50 ఫారన్‌హీటు డిగ్రీల వేడిలో నుంచగల సాధారణ యంత్రము కూడ స్థిరముగా నుండవలెనను నియమము గలదు.

అమ్మువాడు ఏమి చేయవలెను? మొదట, అర్హతాపత్రము గల పనివానిచే అంతయు పరీక్షింపజేసి, దోషములు సవరించి, అనుమతి పొందవలెను. అది సాధ్యము కానిచో, కట్టెల బాయిలరును విడదీసి, చమురు బాయిలరు ఒంటిగా ఇంటిని కాచునట్లు చేయవలెను. ఈ రెండును చేయజాలనివాడు ఉన్నదున్నట్లు చెప్పి, మార్చుటకగు వ్యయమును ధరలో తగ్గించుట న్యాయము.

ఏ మార్గమున నడచినను దాచుట తగదు. మెయిన్ రాష్ట్రపు చట్టము ప్రకారము అమ్మువాడు తాపనయంత్రపు రకము, వయస్సు, ఏటేట ఖర్చగు ఇంధనము, గత 2 సంవత్సరములలో కలిగిన లోపములు వ్రాసి యీయవలెను. కట్టెలను అచట కార్డులలో కొలుతురు. ఒక కార్డు 128 ఘనపుటడుగులు. దీనితోపాటు గొట్టముల పటము గీసి, ప్రతి వాల్వునకు పేరుచీటి కట్టి, విద్యుత్తు పోయిన రాత్రి ఏది తెరువవలెనో, ఏది మూయవలెనో వ్రాసియుంచుట మేలు.

కట్టినవాడు ఇంట నున్నంతకాలము ఆతని చెవియే కొలమానము. చప్పుడు మారినచో ఆతడు మెట్లు దిగి చూచుకొనును. ఆతడు తాళములిచ్చి వెడలిన పిదప ఆ నేలమాళిగ పైన నిద్రించునది పరుల బిడ్డలు. ఆ యంత్రమును గూర్చి ఏమియు నెరుగని ఇల్లాలు జనవరి రాత్రి ఒంటరిగా దానిని నడుపగలదా యని అమ్మకమునకు ముందు విచారించుకొనవలెను. నడుపగలదని ధైర్యముగా చెప్పగలిగిననాడే అది అమ్మదగిన ఇల్లు.