ఆదివారం సద్ది: ప్రొద్దుటూరులో ఒక వెతుకులాట

ఆదివారమొస్తే హాస్టలు విద్యార్థి ఎనిమిదింటికి గానీ లేవడు. బట్టలుతుక్కొని, స్నానం ముగించేసరికి పది కొడుతుంది. అప్పటికి టిఫిను వేళ దాటిపోతుంది, భోజనానికింకా రెండు గంటలుంటుంది. కడుపు మాత్రం గడియారం చూడదు గదా! జేబులో ఉన్న కొద్ది డబ్బుతో రెండు పూటలూ గడిచే తిండి యాడ దొరుకుతుంది? మన విద్యార్థి మిత్రుల్లో చాలామందికి ఇది వారం వారం ఎదురయ్యే సమస్యే.

ఇంగ్లీషువాళ్ళు ఈ నడిమి తిండికి 'బ్రంచ్' అని పేరు పెట్టుకున్నారు. 1895లో గై బెరింజర్ అనే ఆయన 'హంటర్స్ వీక్లీ' పత్రికలో దీన్ని సమర్థిస్తూ ఒక వ్యాసం రాశాడు. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా మేలుకున్నవాళ్ళకు ఆదివారం పెందలాడే లేచే బాధ తప్పుతుందని ఆయన వాదన. ఇప్పుడది నగరాల్లో పెద్ద హోటళ్ళ వేడుకయింది.

కానీ మా చక్రాయపేట పక్క రైతుకు ఇదేమీ కొత్త కాదు. మడకల కాలంలో తెల్లారకముందే చేనికి పోయిన మనిషికి తొమ్మిది, పది గంటలకు ఇంటి నుంచి సద్ది వచ్చేది. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకొని తాగితే మళ్ళీ పొద్దు వాలేదాకా పనికి ఢోకా లేదు. 'తిన్నది ఎంతసేపు ఆగుతుంది?' అన్నదే రైతు కొలబద్ద. ఆ కొలబద్ద పట్టుకొని ప్రొద్దుటూరు వీధుల్లోకి పోదాం.

పెన్న ఒడ్డునున్న ఈ ఊరికి పత్తి, బంగారం వ్యాపారాల వల్ల 'రెండో బొంబాయి' అన్న పేరుంది. బేరాలకొచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి గాంధీ రోడ్డులో నడిచినా, శివాలయం పక్క తిరిగినా టిఫినుకు కరువు లేదు. ఏది తినాలన్నదే ప్రశ్న.

మొదట కనిపించేది ఉగ్గాని, బజ్జి. బొరుగులు బియ్యంలోంచే పుడతాయి. ఉడకబెట్టి ఎండబెట్టిన వడ్ల బియ్యాన్ని కాలే ఇసుకలో వేయిస్తే లోపలి తేమ ఆవిరై, గింజ ఒక్కసారిగా ఉబ్బుతుంది. అంటే ప్లేటులో గోపురంలా కనిపించేదాంట్లో చాలా భాగం గాలే. నీళ్ళలో తడిపి పిండగానే ఎంత తగ్గిపోతుందో చూడండి! అందుకే మనవాళ్ళు దానికి పప్పుల పొడి కలిపి, పక్కన శనగపిండి బజ్జి పెట్టారు. ఆ పప్పుల మాంసకృత్తులే ఉగ్గానికి బలం. పొడి పిసరంత చల్లే చోట తింటే పన్నెండింటికల్లా మళ్ళీ ఆకలేస్తుంది.

రెండోది మన కడప జిల్లా ఎర్రకారం దోసె. రాత్రి పులిసే పిండిలో సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్నీ, కార్బన్ డయాక్సైడునూ తయారుచేస్తాయి. ఉద్దిపప్పు జిగురు ఆ వాయువును పట్టి ఉంచుతుంది. మన ఎండాకాలపు వేడికి ఈ పని తొందరగా జరిగి, పొద్దెక్కేకొద్దీ పిండి పులుపు పెరుగుతుంది. పది దాటాక పోయేవాడు ముందు ఒక్క దోసె చెప్పి రుచి చూడడం మేలు. పెనం బాగా కాలితే పిండిలోని చక్కెరలూ, అమైనో ఆమ్లాలూ కలిసి ఎర్రటి రంగునూ, కమ్మటి వాసననూ ఇస్తాయి. ఈ చర్యను 1912లో మాయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వివరించాడు. మన దోసెలమ్మకు ఆయన పేరు తెలియదు. నీళ్ళు చిలకరించి, 'చుయ్' మన్న శబ్దాన్నిబట్టే పెనం వేడి చెప్పేస్తుంది.

బజ్జి కొనేముందు బాణలిలోకి ఒకసారి తొంగిచూడండి. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంటే అది మళ్ళీ మళ్ళీ కాచినది. వాడిన నూనెలో చెడిన పదార్థాలు, అంటే పోలార్ సమ్మేళనాలు, 25 శాతం మించితే పారబోయాలని 2018 జూలై 1 నుంచి దేశంలో నిబంధన ఉంది. మన దగ్గర పరికరం లేకపోయినా కళ్ళూ, ముక్కూ ఉన్నాయి గదా.

మూడోది, నా లెక్కలో మొదటిది, రాగి సంగటి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, బియ్యంలో 10 మిల్లీగ్రాముల దరిదాపే. రాగుల్లో పీచు ఎక్కువ కాబట్టి నిదానంగా అరుగుతుంది. రైతు కొలబద్దకు పూర్తిగా నిలిచే తిండి ఇదే. చిక్కల్లా ఎక్కడంటే, హోటళ్ళలో సంగటి మధ్యాహ్నానికి గానీ దిగదు. దిగినా నాటుకోడి పులుసుతో జతగట్టి, విద్యార్థి జేబుకు అందనంత ఎత్తున కూర్చుంటుంది.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. ఎన్నో ఇళ్ళలో ఆకలి తీరింది, దాన్ని తప్పుపట్టేందుకు లేదు. కానీ ఇంటికి బియ్యం వచ్చాక, మెట్ట చేలల్లో అమ్ముడుపోయే శెనక్కాయ పెరిగాక, రాగి, జొన్న, కొర్ర పక్కకు జరిగాయి. మా జేజి రాగులు విసిరిన ఇసుర్రాయి ఇప్పుడు పెరట్లో మూలనుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. గౌరవమైతే వచ్చింది, సంతోషమే! అయితే పల్లెలో నాయన బియ్యపన్నం తింటుంటే, టౌనులో కొడుకు డబ్బు పెట్టి సంగటి కొనుక్కోవాల్సి వస్తోంది.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. హాస్టలు మెస్సులో ప్రతి ఆదివారం పది గంటలకు సంగటి, శెనక్కాయ ఊరుబిండి, మజ్జిగ పెట్టిద్దాం. రాగులు పండించే రైతుల దగ్గరే నేరుగా కొందాం. విద్యార్థికి కడుపు నిండుతుంది, రైతుకు నాలుగు రూపాయలు మిగులుతాయి. దానికి బ్రంచ్ అని పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు, సద్ది అంటే మాత్రం మా ఊరోళ్ళకు సులువుగా అర్థమవుతుంది.