కపాల నాడులు

మెదడు నుండి బయలుదేరి పుర్రెలోని రంధ్రాల గుండా వెలుపలికి వచ్చే నాడులను కపాల నాడులు అంటారు. మానవులలో ఇవి 12 జతలు. వెన్నుపాము నుండి వెలువడే 31 జతల నాడులు వెన్ను నాడులు.

వర్గాలు

1, 2, 8వ నాడులు జ్ఞాన నాడులు. ఇవి సమాచారాన్ని మెదడుకు చేరుస్తాయి. 3, 4, 6, 11, 12వ నాడులు ప్రధానంగా చాలక నాడులు; ఇవి కండరాలను నడుపుతాయి. 5, 7, 9, 10వ నాడులు మిశ్రమ నాడులు.

విధులు

1. ఘ్రాణ నాడి: వాసన.
2. దృక్ నాడి: చూపు.
3. నేత్రచాలక నాడి: కనుగుడ్డును కదిపే 6 కండరాలలో 4, పైరెప్పను ఎత్తుట, కంటిపాపను కుదించుట.
4. ట్రోక్లియర్ నాడి: చూపును కిందికి దించే ఒక కండరం.
5. త్రిధార నాడి: ముఖం, పళ్ళ స్పర్శ, నమలుట.
6. అపవర్తక నాడి: కనుగుడ్డును బయటి వైపునకు తిప్పుట.
7. ముఖ నాడి: ముఖ కవళికలు, నాలుక ముందు భాగపు రుచి, కన్నీరు, లాలాజలం.
8. శ్రవణ నాడి: వినికిడి, శరీర సమతౌల్యం.
9. జిహ్వాగళ నాడి: నాలుక వెనుక భాగపు రుచి, మింగుట.
10. వేగస్ నాడి: గొంతు, స్వరపేటిక, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం. కపాల నాడులలో ఇదే పొడవైనది.
11. అనుబంధ నాడి: తల తిప్పుట, భుజాలు ఎత్తుట.
12. అధోజిహ్వ నాడి: నాలుక కదలికలు.

ఎముకలోని మార్గాలు

ప్రతి నాడికీ పుర్రెలో నిర్ణీత మార్గం ఉంది. ఘ్రాణ నాడి పోగులు ముక్కు పైనున్న జల్లెడ వంటి ఎముక గుండా పోతాయి. 7, 8వ నాడులు లోచెవి వైపునకు పోయే ఒకే ఇరుకు మార్గంలో ప్రవేశిస్తాయి. 9, 10, 11వ నాడులు మెడ సిర వెలువడే రంధ్రం నుండే బయటికి వస్తాయి. ఈ ఏర్పాటు నాడులకు రక్షణ. అయితే ఎముక మందమై మార్గం ఇరుకైతే, అదే ఎముక నాడిని నొక్కివేస్తుంది.

నల్గొండ ఫ్లోరోసిస్

దీనికి తెలుగునాట తెలిసిన ఉదాహరణ ఫ్లోరోసిస్. 2016 వరకు రామన్నపేట మండలం కూడా భాగంగా ఉన్న ఉమ్మడి నల్గొండ జిల్లాలో, భూగర్భ జలాలలోని అధిక ఫ్లోరైడు వలన ఈ వ్యాధి ప్రబలింది. ఈ జిల్లా రోగులపై ఎ.హెచ్. సిద్దిఖీ రచించిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు లభించనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు.

అధిక ఫ్లోరైడు గల నీటిని ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు మందమవుతాయి, కీళ్ళ స్నాయువులు గట్టిపడతాయి. వెన్నెముకలోని కాలువ ఇరుకై వెన్నుపాము, వెన్ను నాడుల మూలాలు నొక్కుకుపోతాయి. కాళ్ళు బిగుసుకుపోయి నడక కష్టమవుతుంది. కపాల నాడులు ఈ వ్యాధికి గురి కావడం అరుదు. గురైనచో ఎక్కువగా చెప్పబడేది శ్రవణ నాడి. దాని మార్గం ఇరుకై వినికిడి తగ్గుతుంది. కావున ఫ్లోరైడు ప్రాంతాలలో కాళ్ళ బిగుతును, చెవుడును వృద్ధాప్య లక్షణాలుగా భావించి వదలివేయక వైద్యునికి చూపించాలి.

నివారణ

మందమైన ఎముకను పూర్వస్థితికి తెచ్చే మందు లేదు. నొక్కుకుపోయిన వెన్నుపాముకు కొందరిలో శస్త్రచికిత్స చేస్తారు. సురక్షితమైన తాగునీరే అసలైన నివారణ. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్గొండ పద్ధతి అనే పేరు వచ్చింది. తరువాత కృష్ణా జలాల పథకాలు, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు గ్రామాలకు చేరాయి.